హెల్మెట్ గడిలో సున్నా

మార్చి 3, సోమవారం

కొత్త ఫారం వచ్చింది. ఒక ఫారం మారితే ఇంత సంబరమా అని ఇంట్లోవాళ్లు వేళాకోళం చేస్తారు కనుక ఇక్కడ రాసుకుంటున్నాను.

బైకు ప్రమాదం జరిగితే పోలీసు ఒక ఫారం నింపుతాడు. అది మా ఆఫీసుకి వస్తుంది. పాత ఫారంలో హెల్మెట్ అని ఒక గడి ఉండేది. పెట్టుకుని ఉంటే 1, లేకపోతే 0. కొత్తదానిలో 9 కూడా చేర్చారు. 9 అంటే తెలియదు. ఎవరో బుర్ర ఉన్నవాళ్లు చేసిన పని. పడ్డవాణ్ణి జనం ఆస్పత్రికి మోసుకుపోయాక అక్కడికి చేరిన పోలీసుకి, ఆ మనిషి నెత్తి మీద ఏముందో ఎలా తెలుస్తుంది?

మేడమ్ పిలిచి, పదకొండేళ్ల పాత లెక్కల్ని కొత్త కోడ్‌లోకి మార్చాలన్నారు. ముందు ఒక వంద పాత కాగితాలు తీసి కంప్యూటర్లో ఉన్నదాంతో పోల్చి చూడమన్నారు. ఊరికే ఫార్మాలిటీ అట. ఈ ఏడాది రిపోర్టు అట్ట మీద కూడా మన 88 వెయ్యాలి కదా అన్నారు.

మన 88 అన్నందుకు లోపల్లోపల పొంగిపోయాను. ప్రతి సిగ్నల్ దగ్గరా ఉండే బోర్డు అది. బైకు ప్రమాదాల్లో చనిపోయినవారిలో నూటికి 88 మంది హెల్మెట్ లేనివారే. ఆ 88 లెక్క తేల్చింది నేను. బస్సులో పక్కావిడ ఆ బోర్డు చదువుతుంటే అది నాదేనండీ అని చెప్పాలనిపిస్తుంది. ఇంతవరకూ నోరు నొక్కుకునే ఉన్నాను.

మార్చి 4

మా గదిలో ఇద్దరమే. నేనూ, సున్నాగారూ. కాగితంలో ఉన్నది కంప్యూటర్లోకి ఎక్కించడం ఆయన పని. ఎక్కించినదాన్ని కూడి, భాగించి, పట్టికలు గీయడం నా పని. పద్నాలుగేళ్లుగా ఎదురెదురుగా కూర్చుంటున్నాం. ఆయన కాగితం నేను చూడను, నా స్క్రీను ఆయన చూడరు. అందుకే మన మధ్య ఒక్క పోట్లాట లేదమ్మా అంటారాయన.

ఆ పేరు నేను రాకముందే ఉంది. ఖాళీ గడి కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. టీ ఎవరెవరికి కావాలో రాసే చీటీలో కూడా, వద్దన్నవాళ్ల పేరు పక్కన గుండ్రంగా ఒక సున్నా చుడతారు. లీవు రిజిస్టర్లోనూ అంతే. కొత్తగా వచ్చినవాళ్లకి పెళ్లయిందా, పిల్లలెందరు అని రాసే కాగితం నింపిస్తూ, వాళ్లు నోరు తెరిచేలోపే సున్నా పెట్టేసిన ఘనత కూడా ఉంది. మేం నవ్వుతాం. ఆయన మాకంటే గట్టిగా నవ్వుతారు. ఈ నెల 31న రిటైర్మెంట్. ఆ కుర్చీ ఖాళీగా ఉండడం నేను ఊహించుకోలేకపోతున్నాను.

మార్చి 5

మా ఆయన ఇల్లు చేరేసరికి ఏడున్నర. రెండు బస్సులు మారారట. లిఫ్ట్ మెకానిక్‌కి బస్సుతో ఏం కుదురుతుంది? ఒకప్పుడు ఎక్కడ లిఫ్టు ఆగిపోయినా మొదటి ఫోను ఈయనకే వచ్చేది. పది నిమిషాల్లో బండి మీద వాలి, లోపల ఇరుక్కున్నవాళ్లకి తలుపు బయటినుంచే జోకులు చెబుతూ బయటికి తీసేవారు. ఇప్పుడు ఆ ఫోన్లు వేరేవాళ్లకి వెళ్తున్నాయి. ఈయనకి మిగిలింది నెలనెలా తిరిగి గ్రీజు పూసే పని. గ్రీజుకి తొందరేముంది, ఎంతసేపైనా కూర్చుంటుంది అంటారు. నవ్వుతూనే అంటారు.

బండి మానిపించింది నేనే. మూడేళ్ల కిందట, కడుతున్న ఒక బిల్డింగు ముందు ఇసుక మీద జారి పడ్డారు. కాలర్ ఎముక, మోచెయ్యి విరిగాయి. తలకి దెబ్బ తగలడంతో ఆ రోజు పొద్దున్నించి సాయంత్రం దాకా ఏం జరిగిందో ఒక్క ముక్క గుర్తులేదు. ఎవరో ఆటోలో వేసి ఆస్పత్రిలో చేర్చారు. హెల్మెట్ ఎక్కడా కనబడలేదు. నేను పెట్టుకోకుండా బండి తియ్యనే, ఎప్పుడైనా తీశానా అని ఆయన అడిగిందే అడిగారు.

నేను నమ్మలేదు. నా దగ్గర రుజువుంది మరి. ఆఫీసులో ఆయన రికార్డు తీసి చూశాను. హెల్మెట్: 0.

ఆ సాయంత్రం మంచం పక్కన నిలబడి తీర్పు చదివినట్టు చదివాను. రాసి ఉందంటే అలాగే జరిగుంటుందిలే అన్నారు. నాకు సారీ చెప్పారు. అమ్మాయిని పిలిచి దానికీ చెప్పారు. ఇక బండెక్కనని మాటిచ్చారు. బండి అమ్మేశాం.

అమ్మాయి కాలేజీకి స్కూటీ మీద వెళ్తుంది. ఆయన ఏ జాగ్రత్త చెప్పబోయినా, ముందు నువ్వు పెట్టుకోవాల్సింది నాన్నా అని తేలిగ్గా అనేసి పోతుంది. ఇది ఇంట్లో మూడేళ్లుగా నడుస్తున్న సంగతి. ఇవాళెందుకు ఇంత పొడుగ్గా రాశానో తెలియదు.

మార్చి 6

రికార్డు గదిలో కూర్చుని, చనిపోయినవాళ్ల కట్టల్లోంచి వంద కాగితాలు తీశాను. ముక్కుకి చున్నీ కట్టుకున్నా తుమ్ములు ఆగలేదు.

మొదటి కాగితంలో 1. కంప్యూటర్లో 1. రెండోదానిలో 0. కంప్యూటర్లో 0. మూడోదానిలో గడి ఖాళీ. కంప్యూటర్లో 0.

సరే, ఏదో ఒకటి అనుకున్నాను. ఏడోది ఖాళీ. అక్కడా 0. పదకొండోది, పన్నెండోది, పదిహేనోది. ఒకచోట ఖాళీ గడి మీద పోలీసు ఇంకుమరక కూడా ఉంది, పెన్ను పెట్టి ఆలోచించి వదిలేసినట్టుంది. కంప్యూటర్లో మాత్రం అనుమానమే లేదు. 0.

వందలో ముప్పై ఏడు.

పద్నాలుగేళ్లు ఆ మనిషి సున్నాల మీద జోకులు వేసుకున్నాం. టీ చీటీ దగ్గర ఆగిపోయాం. ఆ చేతులే కీబోర్డు మీద కూడా ఉంటాయని నాకు తట్టలేదు. జీతం తీసుకునేది అంకెలు చూడ్డానికి!

మార్చి 7

ఇంకో వంద తీశాను. ముప్పై ఆరు.

మార్చి 9, ఆదివారం

గాయపడినవాళ్ల కాగితాలు వేరే బీరువాలో ఉంటాయి. మా ఆయనది అందులోనే ఉంది. సంవత్సరం తెలుసు, నెల తెలుసు, కట్ట మీద తాడు రంగు కూడా తెలుసు.

ఆ కాగితంలో నిజంగా సున్నా రాసి ఉంటే ఏమీ మారదు. గడి ఖాళీగా ఉంటే, మూడేళ్ల కిందట నేను ఆయన మొహాన కొట్టింది పోలీసు చూసిన సంగతి కాదు, సున్నాగారి అలవాటు. కట్టుకున్న మనిషి మాట వినకుండా కంప్యూటర్ మాట విన్నాను. అదీ నోరు తెరిచి మాట్లాడలేని కంప్యూటర్.

ఇవాళ పొద్దుటినుంచి ఆయన వంటింటి తలుపు గడియ బాగు చేస్తున్నారు. మధ్యలో తలెత్తి, ఏంటి అలా చూస్తున్నావు, కొత్తగా కనబడుతున్నానా అన్నారు. అవునన్నాను. సిగ్గుపడ్డారు పాపం.

మార్చి 10

బీరువా దాకా వెళ్లాను. పక్క అరలో కట్టలు అడ్డదిడ్డంగా ఉన్నాయని సర్దాను. లేబుళ్లు మార్చాను. తాళం వేసి వచ్చేశాను. ఆఫీసులో ఇంత శుభ్రంగా పని చేసిన రోజు ఈ మధ్య లేదు.

మార్చి 11, పగలు 11:40

తీశాను. ఖాళీ.

మార్చి 11, సాయంత్రం

పోలీసు వయసు రాశాడు. బండి నంబరు రాశాడు. రోడ్డు తడి లేదు, ఇసుక ఉంది అని రాశాడు. ఎదుటి బండి లేదు అని రాశాడు. హెల్మెట్ గడిలో ఏమీ లేదు. గీత కూడా లేదు. నేను కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో పట్టుకుని చూశాను, ఏదైనా రాసి చెరిపాడేమో అని. తెల్లగా ఉంది.

ఇంటికొచ్చాక కూరలో ఉప్పు వెయ్యలేదట. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరికి వాళ్లే వేసుకున్నారు.

మార్చి 12

కాగితం మీద సంతకం చేసిన కానిస్టేబుల్ నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. ఇప్పుడు వేరే స్టేషన్లో ఉన్నాడు. ఎవరి భార్యనో చెప్పలేదు, ఆఫీసు పనే అన్నాను. మూడేళ్ల కిందటి సంగతి గుర్తుంటుందా మేడమ్ అంటూనే, ఇసుక అనగానే గుర్తు తెచ్చుకున్నాడు. తను వెళ్లేసరికి మనిషి లేడట. పక్కకి పడి ఉన్న బండి, ఒక చెప్పు, చుట్టూ చెదిరిన స్పానర్లు మాత్రం ఉన్నాయట. స్పానర్లన్నీ ఏరి సంచీలో వేసి స్టేషన్లో పెట్టింది తనేనట. హెల్మెట్ మాత్రం కనబడలేదు. తల మీదే ఉండి ఆటోలో వెళ్లిపోయిందో, అసలు లేదో నాకేం తెలుసు, చూడనిది నేను రాయను మేడమ్, అందుకే వదిలేశాను అన్నాడు.

ఇలాంటి పోలీసు దొరికినందుకు దండం పెట్టాలి. అతను నిజాయితీగా వదిలేసిన గడిని మేం నింపాం.

ఆస్పత్రికి కూడా ఫోన్ చేశాను. వాళ్ల రిజిస్టర్లో వాచీ, పర్సు, బెల్టు ఉన్నాయి. హెల్మెట్ లేదు. పెద్ద వస్తువులు రాయరట, బంధువులకి చేతికిచ్చేస్తారట. అలా ఇచ్చారా? నాకు ఇవ్వలేదు. ఆటో అతను ఎవరో ఎవరికీ తెలియదు. హెల్మెట్ ఉన్నా జ్ఞాపకం పోవచ్చని అప్పుడే డాక్టరు చెప్పాడు, కనుక తల దెబ్బని పట్టుకుని కూడా ఏమీ తేల్చలేం.

అన్ని దారులూ మూసుకుపోయాయి. ఇక ఎప్పటికీ తెలియదు.

మార్చి 13

ఇవాళ సున్నాగారి ముందు ఆ కాగితం పెట్టాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు. ఎవరి కాగితమో ఆయనకి క్షణంలో తెలిసింది.

గడి ఖాళీగా ఉంటే ప్రోగ్రాం ముందుకి పోదమ్మా అన్నారు. నిజమే, సేవ్ నొక్కితే ఎర్రగా అరుస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద గుమాస్తా చెప్పాడట, ఏమీ రాయలేదంటే ఏమీ లేదనే కదా, సున్నా వెయ్యి అని. హెల్మెట్ ఉంటే పోలీసు రాసేవాడే కదా అని తనకీ సబబుగా తోచిందట. అప్పట్నుంచీ అదే.

తర్వాత ఒక మాట అన్నారు. ఈ కాగితం వచ్చినప్పుడు రెండు రోజులు ఎక్కించకుండా పక్కన పెట్టారట. ఆస్పత్రికి వచ్చి మా ఆయన్ని చూసి వెళ్లిన మనిషే కదా. ఒకటి వేద్దామని చెయ్యి పోయిందమ్మా, కానీ ఒకటి వేస్తే మనవాడని వేశాడంటారు, మనవాడైతే ఒకలా బయటివాడైతే ఒకలా వెయ్యకూడదని అందరికీ వేసినట్టే వేశాను అన్నారు.

అంటే ఆయన కూడా నిజాయితీగానే వేశారు. నేను కూడా నిజాయితీగానే ఇంటికి మోసుకెళ్లాను. ఇంతమంది నిజాయితీపరులు కలిస్తే ఒక మనిషి బండి పోయింది.

మూడేళ్లుగా మా ఆయన బస్సులో వెళ్తున్నారని సున్నాగారికి తెలుసు. ఎందుకో తెలియదు. ఇవాళ చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. రేపట్నుంచి పాత కట్టలన్నీ మనిద్దరం మళ్లీ చూద్దామమ్మా, 31 లోపు అయిపోవాలి అన్నారు. కోపం తెచ్చుకుందామనుకున్నాను. రాలేదు.

మార్చి 17

చనిపోయినవాళ్లవి పందొమ్మిది వందల కాగితాలూ అయిపోయాయి. నాలుగు రోజులు, మధ్యలో ఆదివారం కూడా. ఆయన చదువుతారు, నేను కొడతాను. ఖాళీ వచ్చినప్పుడల్లా మొదట్లో ఒక నిట్టూర్పు వదిలేవారు. రెండో రోజుకి తొమ్మిది అని గట్టిగా అనడం మొదలెట్టారు. నాలుగో రోజుకి, తొమ్మిది వస్తే ఉత్సాహం కూడా కనబడింది.

హెల్మెట్ ఉన్నవాళ్లు 228. లేనివాళ్లు 969. తెలియనివాళ్లు 703.

తెలిసినవాళ్లలో చూస్తే లేనివాళ్లు నూటికి 81. నా 88 చచ్చిపోయింది.

81 మీద కూడా నాకు పూర్తి నమ్మకం లేదు. తెలిసినవి ఎలా తెలిశాయి? హెల్మెట్ లేకపోతే అది తప్పు కనుక పోలీసు ఠక్కున రాస్తాడు. ఉంటే రాయడానికి బద్ధకిస్తాడేమో. ఇంకొకటి. బండి తనంతట తను జారి, దులుపుకుని ఇంటికెళ్లిపోయినవాళ్లు మా కాగితాల్లోకే రారు. నెల తర్వాత ఆస్పత్రిలో పోయినవాళ్లు మా దగ్గర ఇంకా గాయపడినవాళ్లుగానే బతికున్నారు. ఇవన్నీ ఇన్నాళ్లూ తెలిసినవే. బోర్డు మీద అంకె మెరుస్తుంటే గుర్తుకురాలేదు.

మార్చి 18

సున్నాగారు ఇవాళ ఒక ప్రశ్న అడిగారు. పోయినవాళ్లలో 81 మంది లేనివాళ్లు సరే, అసలు రోడ్డు మీద తిరిగేవాళ్లలో లేనివాళ్లు ఎంతమంది? అక్కడా 81 మందే లేకుండా తిరుగుతుంటే, పెట్టుకున్నందుకు లాభమేమిటి?

ఎవరూ ఎప్పుడూ లెక్కపెట్టలేదు. నేనూ అడగలేదు.

అయితే చూసొద్దాం పదమ్మా అన్నారు. పొద్దున్న తొమ్మిదిన్నరకి నాలుగు రోడ్ల సిగ్నల్ దగ్గర పేవ్‌మెంట్ మీద రెండు ప్లాస్టిక్ స్టూళ్లు వేసుకుని కూర్చున్నాం. పక్క ఫోటోస్టాట్ షాపు ఆవిడ స్టూళ్లిచ్చి, మీరు సర్వేనా, మా నీళ్ల పైపు సంగతి కూడా రాసుకోండి అంది. ఆయన రాసుకున్నారు.

గంటన్నర. ఆయన హుషారు చూడాలి! వస్తున్నారు, ఒకటి, ఒకటి, సున్నా, ఒకటి అంటూ గీతలు గీస్తున్నారు. మోచేతికి హెల్మెట్ తగిలించుకున్నవాడు ఒకడొచ్చాడు. దీన్నేం చెయ్యమంటావు అన్నారు. మోచెయ్యి సురక్షితం, తలకి సున్నా అన్నాను. ఇద్దరం నవ్వలేక చచ్చాం. ఒకావిడ హెల్మెట్ ముందున్న హ్యాండిల్‌కి తగిలించి అందులో ఆకుకూర పెట్టుకుంది. సున్నా.

అప్పుడొక బస్సు అడ్డం వచ్చింది. దాని వెనకనుంచి ఒక బైకు పోయింది. చక్రాలు కనబడ్డాయి, మనిషి కనబడలేదు. ఆయన పెన్ను కాగితం మీద ఆగిపోయింది. నేను చూస్తూ కూర్చున్నాను, సాయం చెయ్యలేదు. కాసేపటికి తొమ్మిది అని రాశారు. రాసి, చూడలేదు కదా మరి అని నాతో అన్నారు.

మొత్తం 612. ఉన్నవాళ్లు 391, లేనివాళ్లు 204, బస్సుల వెనక 17. తెలిసినవాళ్లలో లేనివాళ్లు నూటికి 34.

రోడ్డు మీద 34. పోయినవాళ్లలో 81. హెల్మెట్ గొప్పదనం నా పాత బోర్డు కంటే ఈ రెండు అంకెలే బాగా చెబుతున్నాయి. సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ పోలీసు ఉన్నాడు కనుక చాలామంది పెట్టుకుంటారు, సందు తిరగ్గానే తీసేస్తారు, అది నేను మర్చిపోలేదు. సందుల్లోనూ కూర్చోవాలి. స్టూళ్లు ఎవరిస్తారో చూడాలి.

చాలా రోజుల తర్వాత ఉద్యోగం చేసినట్టనిపించింది.

మార్చి 19

మెడ వెనక ఎండకి కమిలింది. మా ఆయన కలబంద రాశారు. ఎక్కడ తిరిగొచ్చావు అంటే లెక్కలకి అన్నాను. ఇంకా చెప్పలేదు.

మార్చి 21

మేడమ్ ముందు అన్నీ పెట్టాం. నేను మాట్లాడేలోపే సున్నాగారు, తప్పు నాదండీ, పదకొండేళ్లూ నేనే వేశాను అన్నారు. భాగించి బోర్డు మీదికి ఎక్కించింది నేనండీ అన్నాను. మేడమ్‌కి ఇద్దరిలో ఎవర్ని తిట్టాలో తెలియలేదు.

ఆవిడ భయం ఆవిడది. 88 కాస్తా 81 అయిందంటే, చూశారా వీళ్ల లెక్కలన్నీ ఇంతే అని జనం హెల్మెట్లు అటకెక్కిస్తారు, ఎవడైనా పోతే ఎవరు బాధ్యులు అన్నారు. ఆ భయం తప్పు కాదు. రెండు రాత్రులు నన్నూ పట్టుకుంది. నేను 34 కాగితం ముందుకి జరిపాను. ఆవిడ రెండుసార్లు చదివారు. ఈ 34 నమ్మొచ్చా అన్నారు. ఒక్క సిగ్నల్, ఒక్క పొద్దున్న, ఇంకో ఇరవై చోట్ల కూర్చుంటే నమ్మొచ్చు అన్నాను. మరి 703? అవి తెలియవు అని రాయాలి అన్నాను. గవర్నమెంటు రిపోర్టులో తెలియదని రాస్తామా అన్నారు. తెలియనప్పుడు ఇంకేం రాస్తామండీ అన్నది సున్నాగారు.

ఈ ఏడాది అట్ట మీద అంకె ఉండదు. ఇరవై చోట్ల లెక్క అయ్యాక చూద్దామన్నారు మేడమ్. లోపల పట్టికలో తెలియదు అనే వరుస చేరింది.

బయటికొచ్చాక సున్నాగారు మెల్లగా, ఇంట్లో చెప్పావా అన్నారు. తల అడ్డంగా ఊపాను. ఆఫీసులో ఇంత ధైర్యం చేశావు కదమ్మా అన్నారు. ఆఫీసు వేరు.

మార్చి 22

అమ్మాయికి ముందు చెప్పాను. దాని మొహం చిన్నబోయింది. కాసేపటికి, పెట్టుకున్నారని దొరికింది అని చెప్పెయ్యమ్మా, నాన్న ఎంత సంతోషపడతారో అంది. నాకూ ఆ ఆశ లేకపోలేదు. ఒక్క అబద్ధంతో మూడేళ్లు కడిగేసుకోవచ్చు. కానీ ఒకసారి లేనిది ఉన్నట్టు ఆ మంచం పక్కన నిలబడి చదివినదాన్ని. రెండోసారి చదవలేను.

మార్చి 23, ఆదివారం

చెప్పేశాను.

పొద్దున్న బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నారు. తడి దుప్పటి ఒక కొస ఆయన చేతిలో, ఒక కొస నా చేతిలో. అప్పుడే మొదలుపెట్టాను. ఎదురుగా నిలబడి మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేదు, దుప్పటి అడ్డం ఉంటే తేలిక. కాగితం, ఖాళీ గడి, ప్రోగ్రాం, కానిస్టేబులు, ఆస్పత్రి, అన్నీ చెప్పాను. నువ్వు పెట్టుకున్నావో లేదో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు, తెలిసినట్టు నీ మీద పడ్డాను, తప్పు చేశాను, క్షమించు అన్నాను. మామూలుగా మీరు అంటాను. ఇవాళ నువ్వు అని వచ్చేసింది.



తర్వాత ఆయన దుప్పటి తీగ మీద వేసి, ముడతలు లాగి, క్లిప్పులు పెట్టారు. నాలుగు క్లిప్పులు. అప్పుడు మాట్లాడారు. ఆ పొద్దున్న బండెక్కిన మనిషి నాకు గుర్తులేడు కదా, వాడి మీద నాకు మూడేళ్లుగా ఒళ్లు మంట అన్నారు. పెళ్లాం, పిల్ల ఉండి నెత్తిన ఏమీ లేకుండా ఎలా వెళ్లాడురా వీడు అని. పొద్దున్న గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కూడా వాడే కనబడేవాడట. బండి పోయినందుకు కాదట, వాడు తనే అయినందుకట.

నేను ఏడ్చాను. రాసుకోవడానికి సిగ్గెందుకు, బాగా ఏడ్చాను. మూడేళ్లు ఈ మాట నాకు చెప్పలేదు. నేను అడగలేదు కూడా. నా దగ్గర అంకె ఉంది కదా, అడగడం ఎందుకు?

ఇప్పుడు తెలియదు అంటున్నావు, తెలియదు అంటే వాడు మంచివాడైనా కావచ్చు కదా అన్నారు. కావచ్చు అన్నాను. అంతకంటే నేను ఇవ్వగలిగింది లేదు అన్నాను. చాల్లే, అది చాలా ఎక్కువ అన్నారు.

కాసేపయ్యాక వంటింట్లోకి వచ్చి, మూడేళ్లలో నేను చెప్పిన సారీలన్నీ వాపసు ఇచ్చెయ్యి అన్నారు. ఎన్ని ఉంటాయో అన్నాను. నువ్వు మాత్రం లెక్కపెట్టకు అన్నారు.

మార్చి 24

అమ్మాయి స్కూటీ తీస్తుంటే ఆయన బ్రేకు చూసుకోమన్నారు. సరే నాన్నా అంది. అంతే అంది.

మార్చి 31

సున్నాగారి వీడ్కోలు. పూలదండ, శాలువా, ఆరుగురి ఉపన్యాసాలు. అందరూ ఆయన అందమైన చేతిరాత గురించే మాట్లాడారు. చివర్న ఆయన లేచి, నేను చాలా గడులు తెలియకుండా నింపానండీ, ఆఖరి నెలలో కొన్ని ఖాళీ చేశాను, ఆ నెల జీతం మాత్రం కష్టపడి తీసుకున్నట్టు అనుకుంటున్నాను అన్నారు. వినయం అనుకుని చప్పట్లు కొట్టారు. మేడమ్ మాత్రం కొట్టలేదు, లేచి నిలబడ్డారు.

మా ఆయన కూడా వచ్చారు. ఇద్దరూ మెట్ల దగ్గర చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను దగ్గరికి వెళ్లలేదు. దూరంనుంచి చూస్తే, సున్నాగారు రెండు చేతులూ పట్టుకున్నారు, ఈయన తల ఊపుతున్నారు, తర్వాత ఇద్దరూ మా ఆఫీసు లిఫ్టు తలుపు తెరిచి లోపలికి తొంగి చూశారు. గ్రీజు లేదని ఈయన కంప్లైంటు.

ఇరవై చోట్ల లెక్కకి సున్నాగారు వస్తానన్నారు. జీతం వద్దట, స్టూలు చాలట.

ఏప్రిల్ 12

ఈయన ఆఫీసులో అడిగారట, మళ్లీ ఫోను డ్యూటీకి వేస్తారా అని. బండి ఉంటే వేస్తామన్నారట. సెకండ్‌హ్యాండ్‌ది ఒకటి చూసొచ్చారు. నన్ను అడగలేదు, చెప్పారు. చెప్పి, నా మొహం వంక చూస్తూ నిలబడ్డారు.

నాకు భయం లేదని కాదు. అన్ని కట్టలు చదివినదాన్ని, లేకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ కట్టలన్నీ పడ్డవాళ్లవి. పడకుండా సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్ల మీద ఎవరూ ఫారం నింపరు.

ఏ రంగు అన్నాను.

ఏప్రిల్ 21, పొద్దున్న 8:50

ఈయన బండి వెనక కూర్చుని ఆఫీసుకి వచ్చాను. హెల్మెట్ లోపల నా ఊపిరి నాకే వినబడింది. ఆయన భుజం మీదుగా స్పీడు మీటరు కనబడుతుంది. ముల్లు ఎక్కడుందో చూడలేదు.